ఈ-శ్రమ్: లిస్టులో 30 కోట్ల మంది.. రేషన్ మాత్రం అందరికీ లేదు! తేడా ఎక్కడ?

దేశంలో అసంఘటిత కార్మికుల వివరాలన్నీ ఒకేచోట ఉండే ఈ-శ్రమ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్లు 30 కోట్లు దాటాయి. మరి పొట్ట చేతపట్టుకుని ఊరు దాటిన కూలీకి దీనివల్ల ఏం దక్కింది?

లెక్కే లేని రోజులు

2020 లాక్‌డౌన్ గుర్తుందిగా! దేశంలో తొలి శ్రామిక్ స్పెషల్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అందులో దాదాపు 1,200 మంది కూలీలు. దేశవ్యాప్తంగా చూస్తే కోటి మందికి పైగా సొంతూళ్లకు చేరారు. దారిలో ఎంతమంది చనిపోయారని ఆ సెప్టెంబర్‌లో పార్లమెంట్‌లో అడిగితే, డేటా లేదని కేంద్ర కార్మిక శాఖ చెప్పేసింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నుంచీ ఉన్నా పరిస్థితి ఇదీ!

చివరికి సుప్రీంకోర్టు 2021 జూన్‌లో గడువు పెట్టింది. ఆగస్టు 26న ఈ-శ్రమ్ మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల వారు ఆధార్‌తో పేరు నమోదు చేసుకుంటే 12 అంకెల నంబర్ ఇస్తారు.

రెండు లిస్టులు పక్కపక్కన పెడితే..

ఈ డేటా విలువ 2023లో తెలిసొచ్చింది. ఈ-శ్రమ్ వివరాలను రేషన్ కార్డుల డేటాతో పోల్చి చూస్తే, దాదాపు 8 కోట్ల మందికి కార్డే లేదని తేలింది. విడివిడిగా ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ కనిపించలేదు.

వీళ్లకు 3 నెలల్లో కార్డులివ్వాలని ఆ ఏప్రిల్‌లో సుప్రీం ఆదేశించింది. పని పూర్తి కాలేదు. 2024 మార్చిలో మళ్లీ 2 నెలల గడువు ఇచ్చింది. కోటాతో సంబంధం లేకుండా ఇవ్వాలని కూడా చెప్పింది.

అసలు చిక్కు ఈ కోటాతోనే. ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి బియ్యం ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కల ప్రకారమే నడుస్తోంది. అంటే కొత్త డేటా మనిషిని చూపిస్తోంది, పాత లెక్క తలుపు మూసేస్తోంది.

కార్డు ఉంటే ఎక్కడైనా..

కార్డు ఉన్నవాళ్ల సంగతి వేరు. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు విధానం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు తొలి జోడీల్లో ఏపీ, తెలంగాణ ఉన్నాయి. 2022 నాటికి దేశమంతా వచ్చేసింది. పనికి వెళ్లిన చోట కూలీ తన వాటా కొంత తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో ఉన్న కుటుంబం తీసుకోవచ్చు. ఈ సౌకర్యం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డులకే వర్తిస్తుంది.

ఇంకో లోటు కూడా ఉంది. ఇటుక బట్టీలు, నిర్మాణ పనుల కూలీలు సీజన్‌ను బట్టి ఊళ్లు మారుతుంటారు. ఈ-శ్రమ్‌లో అడ్రస్ మాత్రం ఎవరికి వారే మార్చుకోవాలి. మార్చకపోతే ఎక్కడ ఎంతమంది ఉన్నారో స్థానిక అధికారులకు తెలిసే దారి లేదు.

అందుకే ఇప్పుడు చూడాల్సింది రిజిస్ట్రేషన్ల సంఖ్య కాదు. ఆ 8 కోట్ల మందిలో ఎంతమందికి కార్డు చేతికొచ్చిందన్నదే.

ఈ-శ్రమ్‌పై సందేహాలుంటే 14434కు కాల్ చేయొచ్చు.