చెరువు లెక్క

నాబోటి తెలుగు మేష్టరుకు చెరువంటే తామరలూ, తుమ్మెదలూ. రేమండ్ లిండెమన్‌కు మాత్రం అదొక జమాఖర్చుల పుస్తకం! ఎండను నాచు పట్టుకుంటుంది, నాచును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. మెట్టుమెట్టుకూ ఎంత శక్తి పైకి చేరుతోంది?

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఆయన, పూడిపోతున్న సీడార్ బాగ్ అనే చిన్న సరస్సును ఐదేళ్లపాటు పరిశీలించాడు. భార్య ఎలినార్ కూడా సాయపడింది. 1941లో డాక్టరేటు వచ్చింది. ఆపైన వ్యాసం రాసి పత్రికకు పంపితే, ఒక్క సరస్సును చూసి అంత సిద్ధాంతం చెయ్యరాదని పరిశీలించిన పెద్దలిద్దరూ కాదన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన్ని చేరదీసిన హచిన్సన్‌గారు ఊరుకోలేదు. సంపాదకుడికి ఉత్తరం రాసి ఒప్పించారు.

వ్యాసం 1942 అక్టోబరులో అచ్చయింది. చూసుకోవడానికి లిండెమన్ లేడు. జూన్‌లోనే, 27వ ఏట, కాలేయవ్యాధితో పోయాడు. ఈనాడు మన పిల్లలు వల్లెవేసే "పది శాతం" సూత్రానికి మొలక ఆ వ్యాసంలోదే.

విద్యార్థుల వ్యాసాల మీద "సమగ్రంగా లేదు" అని ఎర్రసిరాతో గీకిపారెయ్యడం నాకు అలవాటు. మొన్న ఆ మాట రాయబోయి ఆగాను. రాసిన అమ్మాయిని పిలిచి, "కూర్చోమ్మా, నీ ఆలోచన ఏమిటో చెప్పు" అన్నాను.