ఓటు వేయుటకు ముందు దారిమాట

స్థానిక ఎన్నికలు దగ్గరపడిన కొలదిని గ్రామములలో వాగ్దానములకు కొదువ యుండదు. ఈ మారు అభ్యర్థులందరును దారులమాట ఎత్తుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. సహకార సంఘము ఏ పక్షమునకును చెందినది కాదు. ఫలానావారికి ఓటు వేయుడని మేము చెప్పము. కాని పంట కళ్లమునుండి కదలుటకు దారి కావలెను గనుక, ఎవరి మాటలో సారమెంత యున్నదో విచారించుట మా విధియని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట పంచాయతీకి గల అధికార మెట్టిదో తెలిసికొనవలెను. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను 29గా పట్టిక వేసినది. అందు 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములకు సంబంధించినది. కావున దారులు పంచాయతీకి పట్టని పని యనువారి మాట చెల్లదు. అయితే పట్టికలో పేరుండుట వేరు, పెట్టెలో సొమ్ముండుట వేరు. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు సిఫారసు చేసిన గ్రామీణ గ్రాంటులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడినవి. తక్కిన పనులన్నియు మిగిలిన 40 వంతులలోనే జరుగవలసి యుండెను. గెలిచిన ఏడాదిలోనే అన్ని వీధులకును సిమెంటు రోడ్లు వేయింతుమనువారిని, ఆ సొమ్ము ఏ పద్దునుండి వచ్చునని అడుగవలెను.

మా ప్రాంతమున వినవచ్చుచున్న వాగ్దానములు మూడు తెగలుగా నున్నవి.

మొదటిది వీధులకు సిమెంటు రోడ్డు. వానకాలమున పిల్లలు బురద త్రొక్కక బడికి పోవుదురు, మేలే. కాని పాతరోడ్డు త్రవ్వక, ప్రక్కన మురుగుకాలువ లేక, పైపైన సిమెంటు పోసినచో రోడ్డు ఎత్తగును, గడపలు పల్లమగును, వాననీరు ఇండ్లలో చేరును. కాలువమాట చెప్పని అభ్యర్థి ఈ పనిని సగమే ఆలోచించినాడని మా అభిప్రాయము.

రెండవది బస్సు. తెలంగాణమున 2023 డిసెంబరు 9నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండియు పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. బస్సే రాని ఊరి ఆడవారికి ఈ మేలు అందదు. వారు ఆటోకు డబ్బు చెల్లించియే పోవలయును. కావున కోరిక న్యాయమైనదే. అయినను బస్సు నడపునది ఆర్.టి.సి. గాని పంచాయతీ కాదు. పంచాయతీ తీర్మానము చేసి డిపోవారిని కోరవచ్చును. ఇరుకు మలుపును వెడల్పు చేయవచ్చును. బస్సు తిరుగుటకు చోటు చూపవచ్చును. బస్సు తెచ్చెదననువానికంటె ఈ మూడు పనులు చేసెదననువాని మాట నమ్మదగినది.

మూడవది పొలముదారి. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఊరిని పెద్దరోడ్డుతో కలుపుటకు ఏర్పడినది. పొలమును ఊరితో కలుపుటకు కాదు. మనకు నష్టము వచ్చుచున్నది ఆ నడిమి దారియందే. కోతలనాడు వాన కురిసి పుంత దిగబడినచో ట్రాక్టరు రాదు, ధాన్యము కళ్లముననే తడియును. ప్రభుత్వ కొనుగోలుకు తేమ నూటికి 17 వంతులు మించరాదు. ఈ ఇక్కట్టు కనిపెట్టిన వ్యాపారి బస్తాకు తన ఇష్టమువచ్చిన ధర చెప్పును. దారిలేని రైతు ఒప్పుకొనును. మనవంటి సంఘముల సభ్యులకు ఈ మూడవ వాగ్దానమే ముఖ్యమని మేము తలంచుచున్నాము.

అయితే ఈ వాగ్దానము చేసినవారును ఒక మాట మింగుచున్నారు. పుంతలు ఇరుకైనది వానలవలన కాదు. ఏటేట గట్టు కొంచెము కొంచెముగా జరుపుకొనుచు దారిని పొలములో కలుపుకొన్నవారు మనలోనివారే. పూర్వము రెండు బండ్లు ఎదురుపడి తప్పుకొనిన చోట నేడు ఒక ట్రాక్టరు కష్టముగా పోవుచున్నది. కొలతలు వేయించి, హద్దురాళ్లు పాతించి, ఆక్రమణలు తొలగింపనిదే గ్రావెలు పోయుట వ్యర్థము. ఆ మాట పైకి చెప్పినచో ఓట్లు పోవునని అభ్యర్థుల భయము. అట్లే దమ్ముచక్రములు తీయక ట్రాక్టర్లను తారురోడ్డుపై నడిపించి రోడ్డు చీల్చుచున్నవారిని గూర్చియు ఎవరును పలుకరు. ఈ భయమును పోగొట్టవలసినవారము మనమే.

కావున ఓటడుగ వచ్చినవారిని సభ్యులు మర్యాదతో ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. మీరు చెప్పిన పని పంచాయతీ అధికారములోనిదేనా? సొమ్ము ఎక్కడిది? పుంతల హద్దులు ఎప్పుడు కొలిపింతురు? వేసిన దారికి మరమ్మతు ఎవరు చేయుదురు? సడక్ యోజన దారులను అయిదేండ్లు బాగుచేయు బాధ్యత వేసిన కంట్రాక్టరుదే. అట్టి షరతు మన దారులకును పెట్టుదురా? వారి జవాబులను వ్రాసికొని, గెలిచినవారిని గ్రామసభలో మరల అడుగుడు.

ప్రశ్న అడుగుటకు ముందు ప్రతి సభ్యుడును తన పొలముగట్టు ఒకమారు చూచికొనవలెను. దారిలోనికి జరిగిన గట్టును తనంతట తానే వెనుకకు తీసినవాని ప్రశ్నకు ఏ అభ్యర్థియు జవాబు దాటవేయజాలడు. పంచాయతీ పదవీకాలము అయిదేండ్లు. అనగా అయిదు సార్వా కోతలు. ఆ అయిదు పంటలును ఏ దారిని ఇల్లు చేరవలెనో యోచించి ఓటు వేయుడని మా మనవి.