శరణాగతి దుర్బలుల ధర్మమా?

ఆపత్కాలంలో భగవంతుని ఆశ్రయించడం దుర్బలుల లక్షణమనీ, తనను తాను నమ్ముకోవడాన్ని మించిన ఉపాసన లేదనీ బోధించే వారి సంఖ్య నేడు పెరుగుతున్నది. ఆధ్యాత్మిక వేదికల మీద సైతం ఈ మాట వినవలసి రావడం విచారకరం. ఇందుకు ప్రమాణంగా వీరు గీతలోని ఆరవ అధ్యాయాన్ని, తనను తానే ఉద్ధరించుకోవాలన్న భగవదుపదేశాన్ని ఉదహరిస్తారు. అదే గీత పద్దెనిమిదవ అధ్యాయంలో కర్మసిద్ధికి ఐదు హేతువులను పేర్కొన్నది. అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, ఐదవది దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే కర్తనని తలచేవాడు దుర్మతి అని ఆ వెంటనే భగవానుడు నిర్ద్వంద్వంగా చెప్పాడు. ఒక శ్లోకాన్ని పట్టుకొని శాస్త్రాన్ని విడిచిపెట్టడం ఏ విధమైన విచారణ?

మానవబలం ఎవరి సొత్తో మౌసలపర్వం తేటతెల్లం చేసింది. శ్రీకృష్ణ నిర్యాణానంతరం ద్వారకాస్త్రీలను వెంటబెట్టుకొని ఇంద్రప్రస్థానికి పయనమైన అర్జునుని మార్గమధ్యంలో ఆభీరులు ముట్టడించారు. వారి చేతులలో ఉన్నవి దుడ్డుకర్రలు. ఇతని చేతిలో ఉన్నది గాండీవం. కానీ ఆ విల్లును ఎక్కుపెట్టడమే అతనికి దుష్కరమైంది, దివ్యాస్త్రాలు స్మరణకు రాలేదు, అమ్ములపొది రిక్తమైంది. భీష్మద్రోణులను ఎదిరించిన భుజాలు అవే, విల్లు అదే. లేనిది సారథి ఒక్కడే. కేనోపనిషత్తులో గడ్డిపరకను దహించలేని అగ్ని, దానిని కదల్చలేని వాయువు మనకు చెప్పేదీ ఇదే. శక్తి మనలో ఉన్నది గాని మనది కాదు.

అయితే శరణాగతి సోమరితనానికి దారి తీయదా అని ఆక్షేపించేవారున్నారు. చరమశ్లోకం విన్న అర్జునుడు అస్త్రసన్యాసం చేసి ఇంటికి పోయాడా? నీ మాట ప్రకారం చేస్తానని పలికి యుద్ధానికి నిలిచాడు. విల్లు జారవిడిచింది శరణాగతికి ముందు, శోకంలో. తిరిగి పట్టింది శరణాగతి తరువాత. ప్రపత్తిలో త్యజించవలసినది ప్రయత్నాన్ని కాదు, కర్తృత్వాభిమానాన్ని. వైద్యుని నారాయణ స్వరూపంగా భావించే సంప్రదాయం మనది. భక్తి పేరిట ఔషధాన్ని నిరాకరించేవాడు భగవంతుడు అందించిన చేతినే త్రోసివేస్తున్నాడు.

ఇంతకంటె గంభీరమైన ప్రశ్న మరొకటి ఉన్నది. 2021 వేసవిలో ప్రాణవాయువు దొరకక అసువులు బాసిన వారిలో నిత్యార్చన చేసిన భక్తులు లేరా? వారి విశ్వాసం ఏమైనట్లు? ఈ ప్రశ్నను దాటవేసే హక్కు భక్తులకు లేదు. వారి విశ్వాసం చాలలేదని పలకడం క్రూరత్వమే గాక అశాస్త్రీయం కూడ. గజేంద్రుని ప్రార్థనను పరిశీలించండి. సహస్ర వత్సరాలు మకరితో పెనుగులాడి, బలం క్షీణించిన పిదప అతడు కోరినది గజదేహంతో బ్రతికి ఉండడం కాదు. ఆత్మప్రకాశాన్ని కప్పివేసిన అజ్ఞానం నుండి విముక్తిని కోరాడు. దేహరక్షణ కలిగితే అది అనుగ్రహం. కలుగకపోయినా రక్షకుడు తప్పుకోలేదు. రక్షిస్తాడనే మహావిశ్వాసం ప్రపత్తికి అంగం. ఏ రూపంలో రక్షించాలో నిర్ణయించడం మాత్రం మన వంతు కాదు.

కనుక శరణాగతికి శత్రువులు నాస్తికులు మాత్రమే కారు. కష్టం రాగానే రంగురాళ్లకూ, భయాన్ని అమ్ముకొనే పరిహారాల వ్యాపారులకూ పరుగెత్తే ఆస్తికులు అంతకన్న ఎక్కువ హాని చేస్తున్నారు. ఇన్ని ప్రదక్షిణలకు ఇంత ఫలమని స్వామితో బేరమాడేవాడు స్వామిని నమ్మలేదు, తన బేరాన్ని నమ్ముకున్నాడు. అదీ స్వబలమే, వేషం మాత్రం వేరు.

ధనం, పరివారం, విద్య, ఆరోగ్యం అన్నీ ఉపకరణాలే. ఉన్నంతవరకు వానిని కృతజ్ఞతతో వినియోగించుకుందాం. అవి చేజారిన నాడు కూడ చేజారనిది ఏదో నేడే తెలుసుకుందాం. ఏనుగుకు సహస్ర వత్సరాల వ్యవధి లభించింది. మనకు అంత ఆయుర్దాయం లేదు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.