మూడో పార్టీకి అడ్డం పడుతున్నది బ్యాలెట్ చట్టం

2025 జూలైలో ఎలన్ మస్క్ ‘అమెరికా పార్టీ’ ప్రకటన చేయగానే మన పత్రికలూ టీవీ చర్చలూ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. ఆయన ఎన్ని కోట్లు కుమ్మరిస్తాడు? ట్రంప్ ఓట్లు ఎన్ని చీలుస్తాడు? ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన నేల ఇది. డబ్బు, జనాకర్షణ ఉంటే పార్టీ నిలబడుతుందని ఇక్కడివాళ్లు అనుకోవడం సహజమే. ఆ తర్వాత మస్క్ ఊసు చల్లబడింది. అమెరికన్లకు రెండు పార్టీలే అలవాటు, మూడోది వాళ్లకు నచ్చదు అనే తీర్పుతో చర్చ ముగిసింది. ఆ తీర్పు తప్పు.

కాస్త చదువుకున్న విశ్లేషకులు చెప్పే కారణం వేరు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో చివరికి రెండు పార్టీలే మిగులుతాయంటారు. ఇందులో నిజం లేకపోలేదు. 1992 అధ్యక్ష ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో 50 రాష్ట్రాల బ్యాలెట్లలోనూ చోటు సంపాదించి, దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ దక్కలేదు. అయితే బ్రిటన్, కెనడా, భారత్‌లలో ఉన్నదీ అదే పద్ధతి. అక్కడ స్కాటిష్ నేషనల్ పార్టీ, బ్లాక్ క్యుబెక్వా, తెలుగుదేశం పుట్టాయి, సీట్లు గెలిచాయి, పెద్ద పార్టీలతో బేరమాడాయి. అమెరికాలో మాత్రమే ఆ దారి ఎందుకు మూసుకుపోయింది? దీనికి సమాధానం బ్యాలెట్ పత్రం చరిత్రలో ఉంది.

1888కి ముందు అమెరికాలో బ్యాలెట్‌ను ప్రభుత్వం ముద్రించేది కాదు. పార్టీలే అచ్చువేసుకుని పంచేవి. ఒక్కో పార్టీ తన అభ్యర్థుల జాబితాను ఓ కాగితం మీద, చాలాచోట్ల రంగు కాగితం మీద, అచ్చొత్తించేది. పోలింగ్ చోట కార్యకర్త దాన్ని ఓటరు చేతిలో పెట్టేవాడు. ఓటరు దాన్ని అలాగే పెట్టెలో వేసేవాడు. జాబితాలో ఎవరైనా నచ్చకపోతే ఆ పేరు కొట్టేసి, వేరే పేరున్న చిన్న చీటీని జిగురుతో అంటించేవాడు. ఎవరు ఏ రంగు కాగితం పట్టుకున్నారో అందరికీ కనిపించేది కాబట్టి బెదిరింపులకూ ఓట్ల కొనుగోలుకూ అడ్డే లేకపోయింది. అయినా ఆ అవినీతి పద్ధతిలో ఓ తలుపు తెరిచే ఉండేది. చిన్న పార్టీ పెద్ద పార్టీ అభ్యర్థి పేరును తన కాగితం మీద కూడా అచ్చువేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీన్నే ఫ్యూజన్ అన్నారు. రైతుల పార్టీగా పుట్టిన పాపులిస్టులు డెమోక్రాట్లతో ఈ దారిలోనే కలిసి పనిచేశారు. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ రెండు పార్టీలకూ అధ్యక్ష అభ్యర్థి. ఉపాధ్యక్ష పదవికి మాత్రం డెమోక్రాట్లు ఒకరినీ, పాపులిస్టులు మరొకరినీ నిలబెట్టారు.

1888లో మాసచుసెట్స్ రాష్ట్రం, ప్రభుత్వమే ముద్రించే రహస్య బ్యాలెట్‌ను చట్టంగా తెచ్చింది. కొన్నేళ్లలోనే చాలా రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి. అది మంచి సంస్కరణే. కానీ ప్రభుత్వం బ్యాలెట్ అచ్చువేయాలంటే అందులో ఏ పార్టీకి చోటివ్వాలో కూడా అదే తేల్చాలి. ప్రభుత్వం అంటే శాసనసభ; శాసనసభలో ఉన్నది రెండు పెద్ద పార్టీలు. అధికారంలో ఉన్న పార్టీలు ఈ కొత్త చట్టాల్లోనే ఫ్యూజన్ నిషేధాన్ని చేర్చడం మొదలుపెట్టాయి. మిన్నెసోటాలో 1901 నుంచి ఒక అభ్యర్థి ఒకే పార్టీ పేరుతో ఉండాలి.

ఈ నిషేధం దాదాపు వందేళ్ల తర్వాత సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ కేసును మన విశ్లేషకులు పట్టించుకోరు. 1994లో మిన్నెసోటాలో ఆండీ డాకిన్స్ అనే శాసనసభ్యుణ్ని డెమోక్రటిక్ ఫార్మర్ లేబర్ పార్టీ మళ్లీ నిలబెట్టింది. న్యూ పార్టీ అనే చిన్న పార్టీ కూడా ఆయన్నే తన అభ్యర్థిగా ఎంచుకుంది. డాకిన్స్ ఒప్పుకున్నాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన సొంత పార్టీ కూడా అభ్యంతరం చెప్పలేదు. ఎన్నికల అధికారులు మాత్రం న్యూ పార్టీ నామినేషన్‌ను తోసిపుచ్చారు. 1997లో టిమన్స్ కేసులో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో అధికారుల వైపే నిలిచింది. బలమైన రెండు పార్టీల వ్యవస్థ వల్ల స్థిరత్వం వస్తుందని రాష్ట్రం నమ్మవచ్చని, అందుకు తగ్గ నిబంధనలు పెట్టుకోవచ్చని ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాశాడు. ఆ వాదనను మిన్నెసోటా తన పత్రాల్లో ముందుకు తేలేదని అసమ్మతి తీర్పు ఎత్తిచూపింది. అడగని వరాన్ని కోర్టే ఇచ్చిందన్నమాట. రాజకీయ పార్టీల ప్రస్తావనే లేని రాజ్యాంగం నుంచి, ఉన్న రెండు పార్టీలను కాపాడుకోవచ్చనే సూత్రం అలా వచ్చి చేరింది.

నిషేధం లేని చోట ఏం జరుగుతుందో న్యూయార్క్‌లో చూడొచ్చు. 2025 నవంబరు మేయర్ ఎన్నికలో జోహ్రాన్ మమ్దానీ పేరు డెమోక్రటిక్ వరసలోనూ, వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ వరసలోనూ ఉంది. రెండు వరసల ఓట్లనూ విడివిడిగా లెక్కించి కలుపుతారు. ఓటు వృథా అవుతుందన్న భయం ఓటరుకు లేదు. తన వల్ల ఎన్ని ఓట్లు వచ్చాయో చిన్న పార్టీ లెక్కతో చూపించగలదు. మన పొత్తుల్లో సీట్ల కోసం బేరమాడినట్టే అది విధానాల కోసం బేరమాడగలదు. మిగతా రాష్ట్రాల్లో అత్యధికం ఈ అవకాశం ఇవ్వవు.

ఇక బ్యాలెట్‌లో చోటు కోసం సేకరించాల్సిన సంతకాల సంగతి. ఈ రోజున మన లోక్‌సభకు గుర్తింపు లేని పార్టీ అభ్యర్థి నిలబడాలంటే పదిమంది ప్రతిపాదకులు, 25,000 రూపాయల డిపాజిట్ చాలు. టెక్సస్‌లో 2024లో స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థికి 1,13,151 సంతకాలు కావాల్సి వచ్చింది. ఆ ఏడాది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ఓటేసినవాళ్ల సంతకం చెల్లదు. పైగా చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవాడు అదే పదవికి మరో పార్టీ తరఫునో స్వతంత్రంగానో పోటీ చేయకుండా చట్టాలున్నాయి. మన రాజకీయాల్లో ప్రతి ఎన్నికలోనూ కనిపించే రెబల్ అభ్యర్థికి అక్కడ అలా దారి మూసేశారు.

రెండు పెద్ద పార్టీలు ప్రైవేటు సంఘాలే కదా, వాటి గొడవ వాటిది అనేవారికి టెక్సస్ అనుభవమే జవాబు. అక్కడి డెమోక్రటిక్ పార్టీ తన ప్రైమరీలో తెల్లవాళ్లకే ఓటు అని తీర్మానించింది. పార్టీ ప్రైవేటు సంస్థ కాబట్టి అది చెల్లుతుందని 1935లో సుప్రీంకోర్టు అంది. హ్యూస్టన్‌కు చెందిన నల్లజాతి దంతవైద్యుడు లోనీ స్మిత్ పోరాడాడు, ఆయన తరఫున థర్‌గుడ్ మార్షల్ వాదించాడు. 1944లో 8–1 తీర్పుతో కోర్టు తన పాత మాటను కొట్టేసింది. ప్రైమరీని రాష్ట్ర చట్టమే నడిపిస్తోంది కాబట్టి అక్కడ పార్టీ చేసేది ప్రభుత్వం చేసినట్టేనని తేల్చింది. న్యాయమైన ఆ తీర్పును ముందుకు తీసుకెళితే, ప్రభుత్వంలో భాగమైన పార్టీలు పోటీదారుల్ని అడ్డుకునే చట్టాలు రాసుకోవడమూ చెల్లకూడదు. 1997లో కోర్టు అక్కడిదాకా వెళ్లలేదు.

పార్టీల వ్యవహారాన్ని రాష్ట్ర చట్టమే నడిపించడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అనుభవంలో ఉన్నదే. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఏ పార్టీ పేరూ రాయడు, ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే సరిపోతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాడు తన పార్టీ పేరును రాష్ట్ర నమోదు పత్రంలోనే రాయవచ్చు. ఇద్దరి దగ్గరా పార్టీ ఇచ్చిన సభ్యత్వ కార్డు ఉండదు. ఇద్దరికీ పార్టీతో ఉన్న సంబంధం రాష్ట్ర చట్టం నిర్ణయించిందే.

కాబట్టి మరో శ్రీమంతుడు మరో పార్టీ ప్రకటించినప్పుడు మన విశ్లేషకులు అతని ఆస్తుల పట్టిక పక్కనపెట్టి, అతను పోటీ చేయబోయే రాష్ట్రంలో ఫ్యూజన్ చెల్లుతుందో లేదో, ఎన్ని సంతకాలు కావాలో ముందు చెప్పాలి. దారి మూసినవి రాష్ట్రాల మామూలు చట్టాలు. తెరవడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. టిమన్స్ తీర్పు కూడా నిషేధం పెట్టుకోవచ్చు అంది తప్ప పెట్టి తీరాలి అనలేదు. మిన్నెసోటా శాసనసభ ఒక బిల్లు ఆమోదించి, గవర్నర్ సంతకం చేస్తే 1901 నాటి ఆ నిబంధన రద్దయిపోతుంది.