పుట్టింటి సంతకము



"అయ్యగారూ, పల్లెలో చిన్న ఇల్లు ఒకటి కొనుక్కుని ప్రశాంతముగా ఉందామనుకుంటున్నాము, మీరేమంటారు?" అని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలోని మన కుటుంబములవారు కొందరు మమ్మును అడుగుతున్నారు. వారిలో పదవీ విరమణ చేసినవారున్నారు, అద్దెలకు అలసిన చిన్న కాపురములవారున్నారు. కొనండి అనే మేము చెప్తాము. అయితే ఎట్లు కొనకూడదో చెప్పాలంటే మా సంగతే చెప్పవలసి ఉన్నది. అందులో తప్పు మాది.

పెళ్లయిన నాటి నుండి మేము అద్దె ఇండ్లలోనే కాపురము చేశాము. కోసిగి దగ్గర ఒక చిన్న గ్రామములో పరిచర్య చేస్తున్న రోజులలో ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చినది. రాతి గోడలు, మట్టి మిద్దె, వీధి వైపు అరుగు, వెనుక దొడ్లో వేపచెట్టు. వెల తక్కువ. ఎందుకు తక్కువో మేము అడగలేదు.

ఈ సీమ సంగతి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. వానలు మోసము చేసిన ఏడు కోసిగి చుట్టుపక్కల ఊళ్లలో ఇండ్లకు తాళములు పడతాయి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు, కట్టడపు పనులకు బెంగళూరు వైపు పిల్లాజెల్లాతో తరలిపోతారు. దీనిని ఇక్కడ సుగ్గికి పోవడము అంటారు. ఇంటి దగ్గర ముసలివారే మిగులుతారు. ఆ ఇంటాయన కూడా అప్పు తీర్చి సుగ్గికి బయలుదేరే తొందరలో ఉన్నాడు. మేము డబ్బు లెక్కపెట్టి ఇచ్చాము. అతడు తెల్ల కాగితము మీద వ్రాసి సంతకము చేశాడు, ఇద్దరు సాక్షులు వ్రేళ్లు వేశారు. తిరిగి వచ్చాక రిజిస్టరు చేయిస్తానన్నాడు. పల్లెలో మాట కంటే పెద్ద దస్తావేజు ఏముంటుందని అనుకున్నాము. తల్లిని పక్క వీధిలో బంధువుల దగ్గర ఉంచి అతడు వెళ్లిపోయాడు.

మరునాటి నుండి ఆ పెద్దమ్మ ప్రతి ఉదయము వచ్చి మా అరుగు మీద కూర్చునేది. పొద్దు గూకేదాకా ఉండేది. టీ ఇస్తే త్రాగేది, సంగటి పెడితే తినేది. లోపలికి రమ్మంటే మాత్రము రాలేదు. అలవాటు చొప్పున వస్తున్నదిలే అనుకున్నాము.

ఉగాదికి ముందు ఆమె కూతుళ్లు ఇద్దరు అత్తవారి ఊళ్ల నుండి వచ్చారు. చిన్న కూతురు గడప బయటే నిలబడి, "అయ్యగారూ, ఇది మా నాయన కట్టిన ఇల్లు. నన్ను అడగకుండ, మాయమ్మను అడగకుండ ఎట్ల కొంటిరి?" అన్నది.

మేము జవాబు చెప్పలేకపోయాము. పొరుగువాని ఇంటిని ఆశించరాదని పిల్లలకు నేర్పేవారము మేము. ఒక విధవరాలిని ఆమె అరుగు మీదనే పరాయిదానిని చేసి లోపల కాపురము చేస్తున్నాము. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

సుగ్గి ముగిసి కొడుకు తిరిగి వచ్చాక ఊరి పెద్దలను కూర్చోబెట్టాము. డబ్బు అప్పులకే పోయినదని అతడు తల వంచుకున్నాడు. అతనిని నిందించి ప్రయోజనము లేదు. మా ఇంట్లో ఉన్న ఒక్క బంగారు గొలుసు అమ్మి పెద్ద కూతురి భాగము ఇచ్చాము. చిన్న కూతురు, "నాకు రూకలు వద్దు. మాయమ్మ బ్రతికినన్నాళ్లు ముందరింట్లో ఉండనీయండి" అన్నది. ఆ మాట కూడా దస్తావేజులో వ్రాయించాము. తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, నలుగురూ రిజిస్ట్రారు ముందు సంతకములు, వ్రేలిముద్రలు వేశారు. ఆ రాత్రి పెద్దమ్మ లోపలికి వచ్చి పడుకున్నది.

ఇక మేము నేర్చుకున్నవి చెప్తాము.

మొదటిది, ఇల్లు ఎవరి పేరిట ఉన్నదో ఆయన జీవించి ఉన్నాడా అని అడగండి. లేనియెడల వారసులందరూ సంతకము చేయాలి. తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోతే, హిందువులలో 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము ఆయన స్వార్జితములో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగములు. పిత్రార్జితములో కూడా కూతురికి కొడుకుతో సమాన హక్కును 2005లో సవరణ ఇచ్చినది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము ఉన్నది. భార్యకు మూడవ వంతు పోగా, మిగిలినది కొడుకులకు, కూతుళ్లకు సమానముగా చెందుతుంది. పెళ్లి చేసి పంపినంత మాత్రాన కూతురి హక్కు పోదు.

రెండవది, తెల్ల కాగితమును నమ్మవద్దు. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కానిదే హక్కు మారదు. ఇ.సి. తీయించండి. కాని ఇ.సి.లో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి. నోటి మాటగా జరిగిన భాగపంపకములు, పుట్టింటి హక్కులు అందులో కనబడవు. వాటిని ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి.

మూడవది, స్థలము ఎటువంటిదో చూడండి. పల్లె ఇండ్లు ఎక్కువగా గ్రామకంఠములో ఉంటాయి. చాలామంది దగ్గర ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు తప్ప వేరే కాగితము ఉండదు. అవి ఆ ఇంట్లో ఎవరున్నారో చెప్తాయి గాని ఇల్లు ఎవరిదో తేల్చవు. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకములో డ్రోనులతో ఇండ్ల స్థలములను కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. మీరు కొనబోయే ఊరిలో ఆ కొలత జరిగినదా అని పంచాయతీలో విచారించండి. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన పట్టా స్థలమైతే మరింత జాగ్రత్త. అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినవి గనుక, తహసీల్దారు కచేరిలో అడగకుండా బయానా ఇవ్వవద్దు.

నాలుగవది, ఇంటిని వానలో చూడండి. మట్టి మిద్దె ఎండకు చల్లన. కాని ఏటేటా వానలకు ముందు పైన చౌడు మట్టి పరచి సరిచేయకపోతే కారుతుంది. దూలములకు చెద పట్టినదేమో గుచ్చి చూడండి. తుంగభద్ర పారే సీమలోనే ఉన్నా వేసవిలో ఎన్ని రోజులకు ఒకసారి కుళాయి వస్తుందో ఆ వీధి స్త్రీలను అడగండి. అమ్మేవాడు చెప్పని సంగతులు వారు చెప్తారు.

ప్రవక్తయైన యిర్మీయా అనాతోతులో పొలము కొన్నది స్వయముగా తన పినతండ్రి కుమారుని దగ్గరే. అయినా పదియేడు తులముల వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రము వ్రాసి ముద్ర వేశాడు, సాక్షులను పిలిపించాడు. ఆ పత్రములను మంటికుండలో భద్రపరచమని బారూకుతో చెప్పాడు. అయినవారి మధ్య కాగితము అడగడము అపనమ్మకమని మేము అనుకునేవారము. ఇప్పుడు అట్లు అనుకోవడము లేదు. సంతకము అడగడమంటే, ఆ ఇంటిలో నీకూ చోటున్నదని అవతలివారిని ఒప్పుకోవడమే.

పెద్దమ్మ మరి రెండు సంవత్సరములు మాతో ఉండి కన్ను మూసినది. చిన్న కూతురు నేటికీ ప్రతి ఉగాదికి వస్తుంది. వేపపూత ఆమే కోస్తుంది. గడప బయట మాత్రము నిలబడదు.