అడుగులకు అరిసెలు

పసిబిడ్డ ఎదుగుదలను పిండివంటలతో గుర్తుపెట్టుకొను ఆచారము మన తెలుగు ఇండ్లలో కలదు. బోర్లపడిననాడు బొబ్బట్లు, అడుగువేసిననాడు అరిసెలు, పలుకులకు పంచదార చిలుకలు, గడప దాటిననాడు గారెలు. ఊరినిబట్టి, ఇంటినిబట్టి ఈ పట్టికలో మార్పులుండును. నవ్విననాడు నువ్వుండలు పంచువారు కలరు. కూర్చున్ననాడు కుడుములు వండువారును కలరు. మొదటి అక్షరము కలిసినచో చాలును, పొయ్యిమీదికి మూకుడు ఎక్కవలసినదే. ఇది వట్టి ముచ్చటయని చదువుకొన్నవారు నవ్వి ఊరకుందురు. కాని ఆ పట్టికలో లేనిదొకటి చూడదగియున్నది. అందు నెలల లెక్క లేదు. పదవ నెలలో నడచిన బిడ్డకును, పదునారవ నెలలో నడచిన బిడ్డకును అరిసె ఒక్కటే. ముందుగా నడచినందులకు నేయి ఎక్కువ పోయరు. ఆలస్యమైనందులకు బెల్లము తగ్గింపరు. బిడ్డ అడుగు వేసినదని రూఢియైన పిమ్మటనే అరిసెలకు బియ్యము నానబోయుదురు. ఆ అరిసెలపై బిడ్డచేత అడుగులు వేయించి, ఇరుగుపొరుగు పిల్లలకు పంచిపెట్టుదురు.

మరి మన పెద్దలకు కాలనియమము తెలియదా యనగా, బాగుగనే తెలియును. బారసాల, అన్నప్రాశనము, పుట్టువెండ్రుకలు, అక్షరాభ్యాసము - వీనికన్నింటికిని ఈడు కలదు, తిథి కలదు, ముహూర్తము కలదు. ఇవి పెద్దలు బిడ్డకు చేయు కార్యములు. బోర్లపడుట, నిలుచుట, నడచుట, పలుకుట బిడ్డ తానై చేయు కార్యములు. మొదటివానికి పంచాంగము చూచిరి. రెండవవానికి బిడ్డను చూచిరి. ఈ భేదమును ఎవరు ఏర్పరచిరో గాని నాకిందు గొప్ప వివేకము కన్పించుచున్నది. నేటి తలిదండ్రులమైన మనము ఆ రెండవవానికిని ముహూర్తములు పెట్టుచున్నాము. ఇదియే నా ఫిర్యాదు.

పెండ్లిపందిరిలో గాని రైలుపెట్టెలో గాని ఇద్దరు తల్లులు కలిసినచో సంభాషణ ఎట్లు సాగునో అందరు నెరిగినదే. "మీ వాడు ఎన్నో నెలలో నడిచాడు?" "మా పాపకు అప్పటికే పది మాటలు వచ్చేశాయి." అంతటితో ఒక తల్లి గర్వముతోను, వేరొక తల్లి దిగులుతోను ఇల్లు చేరును. బిడ్డ మాత్రము తన పని తాను చేసికొనుచుండును.

ఈ విషయమున శాస్త్రము అమ్మమ్మల పక్షముననే నిలిచినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము, ఘానా, నార్వే, ఓమన్, అమెరికా దేశములలో ఆరోగ్యవంతులైన శిశువులను పలుమారు పరీక్షించి 2006లో ఫలితములను ప్రకటించినది. ఆసరా లేకుండ కూర్చుండుటకు 3.8 నెలలు మొదలు 9.2 నెలల వరకు, ఒంటరిగా నడచుటకు 8.2 నెలలు మొదలు 17.6 నెలల వరకు కాలవ్యవధి కన్పించినది. అనగా ఒక బిడ్డ నడచిన తొమ్మిది నెలలకు మరియొక బిడ్డ నడచినను ఇరువురును ఆరోగ్యవంతులే. ఇంకొక విశేషము: ఆ శిశువులలో నూటికి నలుగురు చేతులు, మోకాళ్లు నేలకానించి పాకుటయను మెట్టునే ఎక్కలేదు. పాకకయే లేచి నడచిరి. వారి తల్లులలో ఎందరు కలవరపడిరో ఆ నివేదిక చెప్పదు.

1929లో అమెరికాలో గెసెల్, థాంప్సన్ అను మనస్తత్త్వవేత్తలు ఒక కవలజంటపై చేసిన ప్రయోగము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో కొందరికైన జ్ఞాపకముండును. కవలలలో ఒక బిడ్డకు 46 వారముల యీడున మొదలిడి ఆరు వారములపాటు మెట్లెక్కుట నేర్పిరి. రెండవ బిడ్డకు 53వ వారమున మొదలిడి రెండు వారములు మాత్రమే నేర్పిరి. ఆలస్యముగ మొదలిడిన బిడ్డ కొలదికాలములోనే మొదటి బిడ్డకు సాటివచ్చినది. ఒక్క జంటను చూచి లోకమునకంతటికి సూత్రము కట్టరాదు. గెసెల్ పరిసరముల ప్రభావమును తక్కువచేసి చూచెనని పిదపవారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమే. తిండి లేనిదే కాలు నిలువదు, పలుకరింపనిదే పలుకు రాదు. అయినను సిద్ధముకాని కండరమునకు నేర్పిన పాఠము ఎంత వృథాయో ఆ మెట్లు చూపినవి.

నాకు మాత్రము నడకకన్న పలుకే ఎక్కువ ఆశ్చర్యము కలిగించినది. చార్లెస్ డార్విన్ తన పెద్దకుమారుని శైశవమును గూర్చి వ్రాసికొన్న విషయములను 1877లో ఒక వ్యాసముగ ప్రకటించెను. సరిగా ఏడాది నిండిననాడు ఆ బిడ్డ ఆహారమునకు 'మమ్' అను మాటను తానే కల్పించుకొన్నాడని అందు చెప్పెను. మన బిడ్డలకు ఆ శ్రమ లేదు. బువ్వ, లాల, జేజ, బజ్జో యని పాలపెదవులకు లొంగు మాటలను మన తల్లులు ముందే సిద్ధపరచియుంచిరి.

నాలుగేండ్లు నిండిన మా అమ్మాయి పలుకులలో నేను మిక్కిలి శ్రద్ధతో కనిపెట్టినది నిషేధార్థకముల చరిత్ర. ఆంగ్లేయ శిశువు 'నో' యను ఒక్క మాటతో గడుపుకొనగల చోట తెలుగు శిశువునకు మూడు మాటలు కావలెను: వద్దు, లేదు, కాదు. మా ఇంట మొదట వచ్చినది 'వద్దు'. గిన్నెను తోసివేయు చేతికి నోరు వచ్చినట్లుండెను. కొన్ని నెలలకు బిస్కట్ల డబ్బా మూత తీసి, లోపలికి తొంగిచూచి 'లేదు' అన్నది. ఉండవలసినది అక్కడ ఉండలేదని గ్రహించుట చిన్నపని కాదు. కంటికి కన్పడనిదానిని మనస్సులో నిలుపుకొన్నగాని ఆ మాట రాదు. 'కాదు' చాల ఆలస్యముగ వచ్చినది. వీధిలో పోవుచున్న గేదెను చూపి నేను పరిహాసమునకు "ఏనుగు" అంటిని. ఆమె నా ముఖమువంక చూచినది, మరల గేదెవంక చూచినది, "కాదు" అన్నది. ఒకవైపు తండ్రి మాట, ఒకవైపు కన్నులయెదుట నున్న గేదె. రెంటిని తూచి తండ్రి మాటను త్రోసివేసినది. ఆనాడు తర్కశాస్త్రము మా గడపలో అడుగుపెట్టినదని నేను పొంగిపోతిని. ఈ 'కాదు'నకు మన పట్టికలో వంటకము లేదు. బడిలో చేర్చుకొనునప్పుడు దీనిని గూర్చి అడుగువారును లేరు.

పిదప "నాన్న వచ్చింది" వచ్చినది. బంధువులు నవ్విరి. కాని బిడ్డ స్థానమున నిలిచి చూడుడు. అమ్మ వచ్చింది, అక్క వచ్చింది, పిల్లి వచ్చింది, వాన వచ్చింది, బస్సు వచ్చింది. ఇన్ని వచ్చినప్పుడు నాన్న యొక్కడే 'వచ్చాడు' ఏల కావలెను? తెలుగు ఏకవచనమున క్రియకు పురుషుని విషయమున ఒక రూపము, తక్కిన సృష్టికెల్ల మరియొక రూపము. సంఖ్యాబలము గల రూపమును బిడ్డ సూత్రముగ పట్టుకొన్నది. అట్లే 'ఇళ్ళు' అనుటకు 'ఇల్లులు' అన్నది. ఈ మాట ఆమెకు ఎవరును నేర్పలేదు, ఎవరినోటను ఆమె వినలేదు. విననిదానిని పలికినదనగా లోపల సూత్రమొకటి పనిచేయుచున్నదనియే అర్థము. మహద్వాచకములను, అమహద్వాచకములను పై తరగతులలో కంఠస్థము చేయించు ఉపాధ్యాయ సోదరులు, ఆ వ్యాకరణము బడికి రాకముందే మూడేండ్ల నోట నడచియున్నదని గుర్తింపవలెను. దిద్దుటకు బెత్తము అక్కరలేదు, పరిహాసము అసలే కూడదు. "అవును, నాన్న వచ్చాడు" అని బదులు చెప్పుచుండిన చాలును. మా ఇంట నాలుగైదు నెలలలో నాన్న తనంత తానే 'వచ్చాడు' అయ్యెను.

ఇంత తెలిసిన బిడ్డను మూడేండ్లు నిండగనే మనము ఎచటికి కొనిపోవుచున్నాము? మా బంధువుల బాలుడు, మూడున్నరేండ్లవాడు, ఒక పట్టణపు పాఠశాలలో ప్రవేశమునకు పోయెను. అచ్చట వానిని ఇంగ్లీషులో రంగుల పేర్లడిగిరి. వాడు గోడమీది గడియారమును చూచి "ఇది ఎందుకు ఆగిపోయింది?" అని తెలుగులో ప్రశ్నించెనట. సీటు రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 13వ విభాగమున, ప్రవేశమునకు బిడ్డను గాని తలిదండ్రులను గాని పరీక్షింపరాదని నిషేధించినది. ఆ చట్టము ఆరేండ్లు నిండినవారిని ఉద్దేశించి చేసినదని వాదించువారు కలరు. ఆరేండ్ల బిడ్డకు కూడని పరీక్ష మూడేండ్ల బిడ్డకు ఎట్లు తగునో వారే చెప్పవలెను.

చేరిన పిమ్మట నాలుగు గీతల పుస్తకము, పెన్సిలు. మనుష్యుని మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు కలవు. పుట్టిననాటికి అవి మృదులాస్థి రూపముననే యుండును. ఏడాదికొకటి చొప్పున మెల్లమెల్లగ గట్టిపడుచు వచ్చును. మూడేండ్ల యీడున సాధారణముగ మూడు నాలుగు మాత్రమే ఎముకగా మారియుండును. అట్టి చేతికి మట్టిముద్ద, ఇసుక, చింతగింజలు, నీళ్ల చెంబు తగిన పనిముట్లు. మన అక్షరాభ్యాసమున సయితము పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి పెద్దవారే వ్రాయించుదురు. బాసరకు పోయి చేయించినను, ఇంటనే చేయించినను పద్ధతి ఇంచుమించు ఇదియే. వ్రాసినది ఆ పూటనే చెరిగిపోవును. దానికి మార్కులు లేవు, ఎర్రసిరా లేదు. ఆ వేడుకను ముగించుకొని వచ్చిన మరునాడే పుట నింపలేదని బిడ్డ వ్రేళ్లమీద కొట్టుట ఎక్కడి న్యాయము?

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఒక్కటే దశగ భావించి ఆటపాటల చదువును విధించినది. వీలైనంతవరకు ఐదవ తరగతి దాక మాతృభాషలో బోధింపుమన్నది. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డలకు మొదటి మూడు నెలలు ఆటలతో, మాటలతో గడపుటకు 'విద్యా ప్రవేశ్' అను ప్రణాళికయు 2021లో వచ్చినది. కాగితముపై ఇది సలక్షణముగ నున్నది. కాని జూన్ మాసము ముగియకముందే "ఇంకా అక్షరాలు మొదలుపెట్టలేదా?" యని గుమ్మములో నిలుచు తండ్రులు మనమే. ఆ ఉపాధ్యాయినికి మనము మూడు నెలల గడువు ఇయ్యకున్నచో ప్రభుత్వమిచ్చిన గడువు ఆమెకెందుకు?

తొందర కూడదంటినని ఉపేక్షను సమర్థించుచున్నానని తలంపవలదు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమేలే" యను మాట మన ఇండ్లలో ఎంతో ఆప్యాయముగ విన్పించును. ఆ ఆప్యాయతమాటున చెవుడు ఏండ్ల తరబడి దాగియుండవచ్చును. పదునెనిమిది నెలలు నిండియు నడువని బిడ్డను, పిలిచినను తిరిగి చూడని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకొనుచున్న బిడ్డను వైద్యునికి చూపవలసినదే. ఆ 17.6 నెలల అంకె ఒక తల్లికి ధైర్యము చెప్పినట్లే మరియొక తల్లికి హెచ్చరిక చేయును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు వచ్చి బిడ్డలను పరీక్షింపవలసియున్నది. ఎదుగుదలలోని జాప్యములును అందు చేరినవి. వారు వచ్చిననాడు, వెనుక బెంచీలో మౌనముగ కూర్చుండు బిడ్డను ముందుగా చూపించుట ఉపాధ్యాయుని చేతిలోని పని. మొద్దు అని మనము పేరుపెట్టిన బిడ్డ వినలేని బిడ్డయో, నల్లబల్ల కన్పడని బిడ్డయో కావచ్చును.

మా అమ్మాయికి ఇంకను 'ళ' పలుకదు. 'పళ్ళు' 'పల్లు'గను, 'నీళ్ళు' 'నీల్లు'గను వచ్చుచున్నవి. పలికిననాడు ఏమి వండవలెనని మా అమ్మనడిగితిని. ఆమె చాలసేపు ఆలోచించి, 'ళ'తో మొదలగు పిండివంట తెలుగులో లేదే యని దిగులుపడినది.