తాడు వదులుగా పట్టుకోండి

మా రేగొండలో కుక్కకి తాడు కట్టడమంటే గుంజకి కట్టెయ్యడమే. తాడు పట్టుకుని దాంతోపాటు నడిస్తే 'పట్నమోళ్ల సోకులు' అని నవ్వుతారు. నేనూ నవ్విన దాన్నే!

మొన్న హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వీధికుక్కల్ని చేరదీసే కేంద్రంలో ఒకదాన్ని కాసేపు నడిపించమని తాడు నా చేతికిచ్చారు. అది లాగింది. భయపడి నేనూ లాగాను. అంతే, ఇంకా గట్టిగా లాగింది! 'తాడు వదులుగా పట్టుకోండి ఆంటీ, మాట్లాడుతూ నడవండి' అంది అక్కడి పిల్ల. 'మెల్లగా రా బంగారం' అంటుంటే నిజంగానే నెమ్మదించింది. రోజంతా బోనులో ఉండే దానికి ఆ కాసేపే కదా బయటి గాలి!

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటి నడకల్నే పరిశీలించి 2020లో ప్రచురించారు. కుక్కలతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడేది ఎక్కువగా ఆడవాళ్లేనట. మనది వాగుడనే వాళ్లు కాస్త వినాలి!

బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి వీధికుక్కల్ని కేంద్రాలకు తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తల్లిగా నేను కాదనను. 2023లో అంబర్‌పేటలో కుక్కలు కరిచి చనిపోయిన పసివాణ్ణి ఎలా మరిచిపోతాం? కానీ తెచ్చి బోనులో పడేస్తే సరిపోతుందా? మనిషి చెయ్యి తెలియని కుక్క మరింత బెదురుతుంది, బెదిరిందే కరుస్తుంది. మన మండలాల్లో కేంద్రాలు కడితే బోన్ల లెక్కతోపాటు నడిపించేవాళ్ల లెక్కా రాయండి. మహిళా సంఘాలకి నేర్పించి, కూలి కట్టి అప్పగించండి. ఊరికే సేవ చేయమంటే మాత్రం మేం రాం, ఇంట్లో చేసేది చాలు.